ఫోటో తర్వాత, ముందు మీ చుట్టాల జాబితా దాచండి

నమస్కారం. విజయనగరం గంటస్తంభం దగ్గర సందులో, మా మేడ మీది గదిలో కూర్చుని మాట్లాడుతున్నాను. మధ్యమధ్యలో ఆటోల హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి. కిటికీ మూస్తే ఉక్కపోత, తెరిస్తే ఈ చప్పుడు.

ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాల్లో మన సంగతులు ఎవరికి కనిపించాలో, ఎవరికి కనిపించకూడదో ఎలా పెట్టుకోవాలన్నది ఈరోజు విషయం. ఫోను చేతిలో పట్టుకుని చూడండి. నేనొక మెట్టు చెప్పగానే వీడియో ఆపి, మీ ఫోనులో చేసి, అప్పుడు ముందుకు రండి. అంతా చూశాక తీరిగ్గా చేద్దామనుకుంటే ఎప్పటికీ చేయరు. నేనూ అలాగే ఉండేదాన్ని, అందుకే చెబుతున్నాను.

అసలు ఈ వీడియో ఎందుకు చేస్తున్నానో ముందు చెప్పాలి. పోయినేడు సిరిమానోత్సవం రోజు. పైడితల్లి అమ్మవారి పండుగంటే మా ఊళ్లో ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరదు. మా ఇంటికి ఇరవై మంది చుట్టాలు దిగారు. నేను వంటింట్లో, నా ఫోను ఏ మంచం మీదో. చీకటి పడ్డాక పలాస నుంచి మా చిన్నాన్న ఫోను చేశారు. "ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నారు. ఎవరికి అన్నాను. "నీకే. ఆస్పత్రిలో ఉన్నానని రాశావు కదా. 8 వేలు పంపాను, అందాయా?" అన్నారు.

నా పేరుతో, నా ఫోటోతో ఎవరో ఫేస్‌బుక్‌లో ఇంకో ఖాతా తెరిచారు. నా స్నేహితుల జాబితా చూసి ఒక్కొక్కరికీ రిక్వెస్టు పంపారు. ఒప్పుకున్నవాళ్ళను డబ్బు అడిగారు. మా చిన్నాన్న అమాయకుడు కాడు. ముప్పై ఏళ్ళుగా జీడిపప్పు వ్యాపారం. పప్పు అరచేతిలో పోసుకుని చూపుతోనే గ్రేడు చెప్పేస్తారు. తర్వాత ఆ సందేశాలు నాకు చూపించారు. మొదటి మాటే "అంకుల్". బుద్ధెరిగాక నేనాయనను అంకుల్ అన్న రోజు లేదు. "అంకుల్ అంటే ఎలా నమ్మారు చిన్నాన్నా?" అని అడిగాను. "ఆస్పత్రి అన్న మాట చూశాక ముందూ వెనకా ఏమీ కనిపించలేదమ్మా" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకటే ఆలోచన. దొంగకు నా ఫోటో దొరికింది, సరే. ఫోటో ఒక్కటే ఉంటే ఏం చేస్తాడు? ఎవరిని అడగాలో తెలియాలి కదా. ఆ పేర్లన్నీ నేనే వరుసగా పేర్చి వీధిలో పెట్టాను. మనమంతా ఫోటో దాచుకోవాలని తాపత్రయపడతాం, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇంట్లో మొదట వినిపించే మాటే "ఫోటో పెట్టకు". మనకు ఎవరెవరు తెలుసో ఆ జాబితాను మాత్రం ఎవరూ పట్టించుకోరు. అందుకే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

(తెర మీద ఫేస్‌బుక్)

ఫేస్‌బుక్ తెరవండి. మూడు గీతల గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి. మిమ్మల్ని జనం ఎలా వెతకవచ్చు, ఎలా సంప్రదించవచ్చు అన్న భాగం ఒకటి ఉంటుంది. యాప్ కొత్తది వచ్చినప్పుడల్లా వీటి పేర్లూ చోట్లూ కొంచెం అటూ ఇటూ అవుతాయి. కనిపించకపోతే పైన వెతికే పెట్టెలో "ఫ్రెండ్స్ లిస్ట్" అని కొట్టండి. మీ స్నేహితుల జాబితా ఎవరు చూడవచ్చు అన్న ప్రశ్న ఎదురుగా "పబ్లిక్" అని ఉంటే, దానిని "ఓన్లీ మీ" చేయండి. అంటే నేనొక్కరినే.

అయిందా? ఒక మెలిక ఉంది. మీకూ మీ స్నేహితుడికీ ఉమ్మడిగా తెలిసినవాళ్ళు అతనికి కనిపిస్తూనే ఉంటారు. మీరు దాచినా, మీ స్నేహితుడు తన జాబితా తెరిచి పెట్టుకుంటే అందులో మీ పేరు ఉంటుంది. కాబట్టి ఇది మీరొక్కరే చేస్తే సగం పనే. ఇంట్లో అందరి ఫోన్లలోనూ చేయాలి.

అదే పేజీలో ఇంకో రెండు చూడండి. మీ ఫోను నంబరు కొట్టి మిమ్మల్ని ఎవరు వెతకవచ్చు అన్నది ఒకటి. దానినీ "ఓన్లీ మీ" చేయండి. మీకు రిక్వెస్టు ఎవరు పంపవచ్చు అన్నది రెండోది. "ఫ్రెండ్స్ ఆఫ్ ఫ్రెండ్స్" చాలు.

ఇప్పుడు ప్రొఫైల్ లాక్. మన దేశంలో దీన్ని 2020లో తెచ్చారు. మీ ప్రొఫైల్ పేజీలో మూడు చుక్కలు నొక్కితే "లాక్ ప్రొఫైల్" అని వస్తుంది. అది పెడితే స్నేహితులు కానివాళ్ళు మీ ఫోటోను పెద్దది చేసి చూడలేరు, దించుకోలేరు, మీ పాత పోస్టులు చూడలేరు. అయినా మీ పేరు, చిన్న బొమ్మ కనిపిస్తాయి. లాక్ పెట్టాను కదా అని నిశ్చింతగా కూర్చోకండి.

పాత పోస్టుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పుట్టినరోజు పోస్టుల కింద వ్యాఖ్యలు చదివారా? "చల్లగా ఉండు తల్లీ, ఇట్లు మీ మేనత్త." "అప్పా, పార్టీ ఎప్పుడు?" ఎవరు మేనత్తో, ఎవరు తమ్ముడో అక్కడే దొరుకుతుంది. మా దొంగ బద్ధకస్తుడు, చదవలేదు, అందుకే అంకుల్ అన్నాడు. చదివే దొంగయితే "చిన్నాన్నా" అనే రాసేవాడు. సెట్టింగ్స్‌లో "లిమిట్ పాస్ట్ పోస్ట్స్" అని ఉంటుంది. ఒక్కసారి నొక్కితే ఇన్నేళ్ళుగా అందరికీ తెరిచి పెట్టిన పోస్టులన్నీ స్నేహితులకు మాత్రమే కనిపించేలా మారిపోతాయి. ఒక్కొక్కటీ వెతుక్కుని మార్చే అవస్థ లేదు.

(తెర మీద వాట్సాప్)

వాట్సాప్‌కు వద్దాం. ఇక్కడ నేను ఎక్కువసేపు ఆగుతాను. మా అమ్మకు ఫేస్‌బుక్ లేదు కానీ వాట్సాప్ లేకుండా తెల్లవారదు.

సెట్టింగ్స్, అందులో ప్రైవసీ. ఫోను తెలుగులో పెట్టుకున్నవాళ్ళకు "గోప్యత" అని ఉంటుంది. లాస్ట్ సీన్, ప్రొఫైల్ ఫోటో, అబౌట్, స్టేటస్ అని వరుసగా కనిపిస్తాయి. ప్రొఫైల్ ఫోటో నొక్కండి. అందరూ, నా కాంటాక్టులు, కొందరు తప్ప నా కాంటాక్టులు, ఎవరూ వద్దు అని నాలుగు దారులు. చాలామంది "నా కాంటాక్టులు" పెట్టి హమ్మయ్య అనుకుంటారు.

ఆ కాంటాక్టులు ఎవరు? మీ ఫోనులో మీరు పేరు రాసి దాచుకున్న ప్రతి నంబరూ. ఒకసారి ఆ జాబితా పైనుంచి కిందకు జరపండి. "గ్యాస్ బాబు." "తాపీమేస్త్రి పాతవాడు." "పెళ్ళిళ్ళ పంతులు." "ఆటో, కాంప్లెక్స్." ఏడేళ్ళ కిందట ఇల్లు చూపించిన బ్రోకరు. వీళ్ళందరికీ మీ ఫోటో కనిపిస్తుంది. వాళ్ళ ఫోనులో మీ నంబరు కూడా ఉంటే మీ స్టేటస్ కూడా కనిపిస్తుంది. వాళ్ళు చెడ్డవాళ్ళని నేననడం లేదు. మీ పాప కొత్త పరికిణీ వాళ్ళకెందుకు అంటున్నాను, అంతే. పని అయిపోయిన నంబర్లు తీసేయండి. నేను మొన్న ఆదివారం కూర్చుని 140 నంబర్లు తీసేశాను. అందులో పదకొండు "జిరాక్స్".

ఆ జిరాక్స్ కొట్ల గురించి కొంచెం చెప్పాలి. ఆధార్ కాపీ కావాలంటే మనం చేసే పని, కొట్టువాడి నంబరుకు వాట్సాప్‌లో ఫోటో పంపి ప్రింటు తీసుకోవడం. మూడు రూపాయలిచ్చి వచ్చేస్తాం. ఆ ఫోటో ఆయన కంప్యూటర్‌లో ఉండిపోతుంది. ఇకనుంచి ప్రింటు చేతికి రాగానే అక్కడే నిలబడి, ఆ సందేశాన్ని నొక్కి పట్టుకుని, అందరికీ చెరిపేసే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టండి. పంపిన రెండు రోజుల దాకా ఆ వీలుంటుంది. ఈలోగా ఆయన ఇంకోచోట దాచి ఉంటే మన చేతిలో లేదు. అందుకని పని జరిగేచోట మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ వెబ్‌సైటులోనే దొరుకుతుంది; 12 అంకెల్లో మొదటి 8 కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి.

ఇంకా పెద్ద ప్రమాదం మరొకటి. కొందరు కొట్టువాడి కంప్యూటర్‌లోనే తమ వాట్సాప్ తెరుస్తారు, తెరిచి మూయడం మరిచిపోతారు. వాట్సాప్‌లో "లింక్డ్ డివైసెస్" అన్నచోటికి వెళ్ళి చూడండి. మీ ఖాతా ఏయే కంప్యూటర్లలో తెరిచి ఉందో అక్కడ ఉంటుంది. మీకు గుర్తులేనిది కనిపిస్తే దాని మీద నొక్కి లాగౌట్ చేయండి. శ్రీకాకుళంలో డిగ్రీ చదివే మా మేనకోడలి ఫోనులో చూస్తే, హాల్ టికెట్ ప్రింటు తీసిన నెట్ సెంటర్ కంప్యూటర్‌లో తన వాట్సాప్ ఐదు రోజులుగా అలాగే తెరిచి ఉంది. ఆ ఐదు రోజుల్లో తను ఎవరితో ఏం మాట్లాడిందో గుర్తు చేసుకుంటూ పిల్ల ముఖం తెల్లబోయింది. నేను అడగలేదు లెండి.

"గ్రూప్స్" అన్నది కూడా ప్రైవసీలోనే ఉంటుంది. మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చు? "అందరూ" అని ఉంటే తెల్లారేసరికి షేర్ మార్కెట్ గురువుల గ్రూపులో ఉంటారు. "నా కాంటాక్టులు" చేయండి. అప్పుడు తెలియనివాళ్ళు మీకు ఆహ్వానం పంపాల్సిందే, చేరాలో వద్దో మీ ఇష్టం. గ్రూపులో చేరాక మాత్రం మీ నంబరు అందులో ఉన్నవాళ్ళ కంట పడుతుందని గుర్తుంచుకోండి.

లాస్ట్ సీన్, నీలం టిక్కుల గురించి పెద్దగా చెప్పను. అవి అత్తగారికీ కోడలికీ మధ్య విషయాలు. మీరు దాచుకుంటే ఎదుటివాళ్ళవి మీకూ కనిపించవు, అంతే.

అకౌంట్ భాగంలో "టూ స్టెప్ వెరిఫికేషన్" మాత్రం తప్పకుండా పెట్టండి. 6 అంకెల పిన్ అడుగుతుంది. పుట్టిన సంవత్సరమో, బండి నంబరో పెట్టకండి. మీ నంబరుతో ఎవరైనా ఇంకో ఫోనులో వాట్సాప్ తెరవాలంటే ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడుతో పాటు ఈ పిన్ కూడా కావాలి. ఆ ఎస్సెమ్మెస్ కోడు పొరపాటున మీ నంబరుకు వచ్చింది, కొంచెం చెప్పండి అని ఎవరడిగినా, కన్నకొడుకు పేరుతో అడిగినా, చెప్పకండి.

(తెర మీద ఇన్‌స్టాగ్రామ్)

ఇన్‌స్టాగ్రామ్ త్వరగా చూద్దాం. సెట్టింగ్స్‌లో "అకౌంట్ ప్రైవసీ", అందులో "ప్రైవేట్ అకౌంట్". ఖాతా పబ్లిక్‌గా ఉన్నంతకాలం మీ ఫాలోయర్ల పేర్లన్నీ ఎవరైనా చదవవచ్చు. అది ఒక్కటీ దాచే మీట విడిగా లేదు, ఖాతానే ప్రైవేట్ చేయాలి. చేశాక కూడా ఇంతకుముందు చేరినవాళ్ళు అలాగే ఉంటారు. జాబితా తెరిచి, తెలియని పేరు పక్కన "రిమూవ్" నొక్కండి. వాళ్ళకు కబురేమీ వెళ్ళదు, మొహమాటపడకండి.

యాప్‌లకు మనమిచ్చే అనుమతులు కూడా ఇలాంటివే. ఫోను సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో "పర్మిషన్ మేనేజర్", అందులో "కాంటాక్ట్స్". మీ నంబర్ల పుస్తకం చదివే యాప్‌లన్నీ అక్కడ బారులు తీరి ఉంటాయి. టార్చిలైటు యాప్‌కు మీ బావగారి నంబరెందుకు? తీసేయండి. అప్పులిచ్చే యాప్ ఏదైనా కాంటాక్టులు అడిగితే అక్కడే ఆగిపోండి. అలా అడగకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే నిబంధన పెట్టింది. వాయిదా ఆలస్యమైతే చుట్టాలందరికీ ఫోన్లు చేసి పరువు తీయడానికే వాళ్ళకా జాబితా. చూశారా, మళ్ళీ అదే జాబితా.

"దాచుకోవడానికి మనకేముందమ్మా?" అని మా వీధిలో ఒక పెద్దాయన అంటారు. ఆయన బీరువాకు మాత్రం రెండు తాళాలు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కని చెప్పారు. తప్పు చేసినవాళ్ళే దాచుకుంటారని వాళ్ళు అనలేదు.

ఇంత చేసినా మీ పేరుతో దొంగ ఖాతా వస్తే? ముందు ఫోన్లు చేయండి, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టండి: నేను ఎవరినీ డబ్బు అడగలేదు అని. ఆ దొంగ ఖాతా పేజీ, సందేశాలు స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. తర్వాత ఆ పేజీలోనే మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి. వేరొకరిలా నటిస్తున్నారు అన్న కారణం ఎంచుకోండి. మీ స్నేహితులు కూడా మీ తరఫున చేయవచ్చు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి. వెంటనే అంటే భోజనం చేశాక అని కాదు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జారిపోయేలోపు ఆపగలిగితే ఆపుతారు. మేము పండుగ హడావిడిలో మర్నాడు మధ్యాహ్నం చేశాం. ఆ 8 వేలు తిరిగి రాలేదు.

హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో, గల్ఫ్‌లోనో పని చేస్తూ ఈ వీడియో చూస్తున్న మన జిల్లాల వాళ్ళకు ఒక మాట. ఊళ్లో అమ్మ ఫోనుకు ఇవన్నీ ఫోనులో చెప్పి చేయించలేరు. నేను ప్రయత్నించాను, ఇద్దరికీ గొంతులు పోయాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు అరగంట పక్కన కూర్చుని మీరే చేయండి.

మా చిన్నాన్న ఇప్పుడు మారిపోయారు. మొన్న నిజంగానే డబ్బు అవసరపడి ఆయనకు సందేశం పెట్టాను. పది నిమిషాలకు జవాబు వచ్చింది: "చిన్నప్పుడు మా పెరట్లో ఏ చెట్టు మీద నుంచి పడ్డావు?" జీడిమామిడి అని రాశాను. కాసేపటికి ఇంకోటి వచ్చింది: "ఏ చెయ్యి విరిగింది?"