జాకెట్టు ఎండకు కొనండి, వానను విడిగా మోయండి
(రాయగడలో మోటారుసైకిల్ నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

మన రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో బండి నడిపేవారికి ఒక్క పూటలోనే మూడు కాలాలు ఎదురుకావడం కొత్త కాదు. జూన్ నెలాఖరులో సాలూరు దగ్గర చెమటలు కారుతుండగా బయలుదేరినవారు సుంకి ఘాట్ రోడ్డులో వానకు తడిసి, పొట్టంగి దాటేసరికి మంచులో వణుకుతారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. కొరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది కనుక, మైదానంలో 36 డిగ్రీలున్న పూట అక్కడ 31 ఉండడం కేవలం ఎత్తు వల్ల వచ్చే తేడా. తడి బట్టల మీద తగిలే గాలి చలి దానికి అదనం. అందుకే రైడింగ్ దుస్తులు అమ్మే నా దుకాణంలో అడుగుపెట్టినవారు ముందుగా అడిగేది అన్ని కాలాలకూ పనికొచ్చే జాకెట్టు. అది నా దగ్గర ఉంది, అమ్ముతున్నాను కూడా. కానీ ఈ ప్రాంతంలో తిరిగేవారికి అది తగదని ఈ సభలో చెప్పడానికి వచ్చాను. నా వ్యాపారానికి ఇది మంచి మాట కాదని తెలుసు.

ఆ జాకెట్టు నిర్మాణం చూడండి. పైన దళసరి పాలిస్టర్ గుడ్డ, దాని కింద జిప్పుతో ఊడదీసుకునే నీరు చొరని పొర, ఆ లోపల చలికి మరొక లైనర్ ఉంటాయి. వానలో ఆ నడిమి పొర ఒంటిని తడవనివ్వదన్నది నిజమే. అయితే పైగుడ్డ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. ఆ తడి గాలికి ఆరుతూ, కుండలో నీళ్లు చల్లబడినట్టే, ఒంట్లోని వేడిని లాగేస్తుంది. పైగా ఆ పొరను తగిలించుకోవాలంటే వానలో రోడ్డు పక్కన నిలబడి ముందు జాకెట్టు విప్పాలి. నీరు చొరని పొరను పైగుడ్డకే అతికించి తయారుచేసే జాకెట్లకు ఈ బాధ లేదు గానీ, వాటి ధర వింటే మనలో చాలామందికి బండి కిస్తీ గుర్తుకొస్తుంది. అన్నిటికన్నా పెద్ద లోపం ఎండాకాలంలో బయటపడుతుంది. రోహిణి కార్తెలో ఆ దళసరి జాకెట్టు వేసుకుని గుణుపురం దాకా వెళ్లివచ్చిన మనిషి దాన్ని కొయ్యకు తగిలించి, మర్నాటి నుంచి చొక్కాతోనే బండెక్కుతాడు.

కనుక మీరు బండి నడిపే నెలల్లో అన్నిటికన్నా వేడి నెలను లెక్కలోకి తీసుకుని, ఆ నెలలో కూడా విప్పకుండా ఉండగలిగే, జల్లెడలా గాలి దూరే గుడ్డతో చేసిన మెష్ జాకెట్టును కొనుక్కోండి. వానకూ చలికీ పైన వేసుకునే తొడుగును విడిగా కొనుక్కుని సంచిలో పెట్టుకోండి.

మెష్ విషయంలో ఒక జాగ్రత్త అవసరం. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 33 నుంచి 35 డిగ్రీలు ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉన్నంతవరకు ఒంటిని చల్లబరుస్తుంది, అంతకు మించితే ఒంటికి వేడిని మోసుకొస్తుంది. అప్పుడు చెమట ఆరడం ఒక్కటే దిక్కు. బరంపురం, ఇచ్ఛాపురం తీరంలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట తొందరగా ఆరదు, ఎంత గాలి తగిలితే అంత మేలు, మెష్ అక్కడికి సరిగ్గా సరిపోతుంది. అదే టిట్లాగఢ్ వైపు పొడి ఎండ 43, 44 డిగ్రీలకు చేరిన రోజున, మెష్‌లోంచి దూరే వడగాలి చెమటను పుట్టిన చోటే ఎండగట్టేస్తుంది. ఒంట్లో నీరు తగ్గుతున్న సంగతి నోరు పిడచకట్టేదాకా తెలియదు. అటువంటి రోజున లోపలి బనియనును తడిపి వేసుకుని, జాకెట్టు ముందుభాగాన్ని గాలిని ఆపే పలుచని తొడుగుతో సగం కప్పి, దారిలో తరచుగా ఆగి నీళ్లు తాగుతూ బనియనును మళ్లీ తడుపుకోవాలి. అయినా ఆ ఎండలో మధ్యాహ్నం ప్రయాణం మానుకోవడమే నయమని నా సలహా.

జాకెట్టు కొనేటప్పుడు రంగు కన్నా ముందు లోపల కుట్టిన చీటీ చదవండి. యూరప్‌లో 2020లో అమల్లోకి వచ్చిన ఈఎన్ 17092 ప్రమాణం ప్రకారం ఏఏఏ అన్నిటికన్నా గట్టి తరగతి, తరువాత ఏఏ, ఆ తరువాత ఏ. మోచేతికీ భుజానికీ పెట్టే ప్రొటెక్టర్ల, అంటే దెబ్బను ఆపే మెత్తల, ప్రమాణం ఈఎన్ 1621-1: దెబ్బ తగిలినప్పుడు ఒంటికి చేరే బలం సగటున లెవెల్ 1లో 35 కిలోన్యూటన్లకు, లెవెల్ 2లో 20కి మించకూడదు. వీపు ప్రొటెక్టర్‌కు ఈఎన్ 1621-2 ఉంది, అందులో ఆ హద్దులు 18, 9. చాలా జాకెట్ల వీపు జేబులో పెట్టి ఇచ్చేది ఏ అంకే లేని ఉత్త స్పాంజి ముక్క. దాన్ని తీసేసి లెవెల్ 2 ప్రొటెక్టర్ పెట్టించుకోండి.

ఇక కొలత. అద్దం ముందు నిలబడి చూసుకుంటే ఏమీ తెలియదు. జాకెట్టు వేసుకుని బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, పక్కనున్నవారిని మీ మోచేతి ప్రొటెక్టర్ పట్టుకుని గట్టిగా తిప్పమనండి. అది ఎముక మీది నుంచి పక్కకు జారిందంటే, పడ్డప్పుడూ జారుతుంది, అక్కడ మోచెయ్యే నేలకు తగులుతుంది.

వాన తొడుగును జాకెట్టు మీదుగా వేసుకునేంత వదులుగా, గాలికి ఉబ్బనంత బిగువుగా తీసుకోవాలి. చేతులు కిందికి వంచి నడిపే బండి మీద నీళ్లు చేతి వెంట మణికట్టు వైపు పారతాయి కాబట్టి, గ్లవ్స్ మీదికి తొడుగు చెయ్యి రావాలి. లేకపోతే పావుగంటలో వేళ్లు నీళ్లలో నానుతాయి. ప్యాంటు అంచు బూటు లోపల కాక బయట ఉండాలి. డిసెంబరు తెల్లవారుజామున సెమిలిగుడ వైపు వెళ్లేటప్పుడు ఇదే తొడుగు గాలిని ఆపుతుంది, లోపల ఒక స్వెట్టరు ఉంటే చలికి వేరే జాకెట్టు అక్కర్లేదు. వేళ్లకు మాత్రం మందపాటి గ్లవ్స్ విడిగా ఉండాలి, కొయ్యబారిన వేలు బ్రేకును ఆలస్యంగా నొక్కుతుంది.

హెల్మెట్టు గురించి కొద్దిగానే చెబుతాను. 2021 జూన్ 1 నుంచి మన దేశంలో ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్టు అమ్మడం నేరం. పట్టీ బిగించాక వెనక నుంచి పైకి నెట్టి చూడండి, ముందుకు ఊడివస్తే అది మీ కొలత కాదు. ఘాట్ మంచులో వైజర్, అంటే హెల్మెట్టు ముందు అద్దం, మసకబారే బాధకు పిన్‌లాక్ అనే లోపలి పలుచని అద్దం మంచి మందు; రెండు పొరల మధ్య నిలిచే గాలి వల్ల లోపలి వైపు చల్లబడదు, ఆవిరి పట్టదు. రాత్రిపూట నల్లటి వైజర్ వద్దు.

రేసు ట్రాక్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఎదురుగా లారీ రాదు, పక్కన చెట్టు ఉండదు, కానీ పడితే మామూలు రోడ్డు మీదకన్నా చాలా దూరం జారుతూ పోతారు. ఆ రాపిడికి తోలే నిలుస్తుంది. కుట్లు తక్కువగా, భుజం దగ్గర రెండు వరసలుగా ఉండాలి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోనైనా, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేలోనైనా, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లోనైనా మీ మెష్ జాకెట్టు, జీన్స్ ప్యాంటు చూసి లోపలికి రానిస్తారని అనుకోకండి. ఏకంగా ఒక్కటే సూటుగానీ, నడుము చుట్టూ జిప్పుతో కలిసే రెండు ముక్కల సూటుగానీ, మణికట్టు దాటే గ్లవ్స్, చీలమండ దాటే బూట్లు, డబుల్ డి రింగు (రెండు డి ఆకారపు రింగుల్లోంచి దూర్చి బిగించే) పట్టీ ఉన్న పూర్తి ముఖం హెల్మెట్టు సిద్ధం చేసుకోండి. సరిగ్గా అమరే సూటు నిటారుగా నిలబడ్డప్పుడు ఇబ్బంది పెడుతుంది, బండి మీద వంగాక సుఖంగా ఉంటుంది; దుకాణంలో నిలబడి హాయిగా ఉందనిపిస్తే ఒక కొలత తగ్గించి చూడండి.

అక్కడ వాతావరణమంటే ముఖ్యంగా ఎండే. 2023 సెప్టెంబరులో బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ అనే ప్రపంచ స్థాయి మోటారుసైకిల్ రేసును వేడి కారణంగా 24 ల్యాపుల (చుట్ల) నుంచి 21కి కుదించారు; అయినా రెండో స్థానంలో వచ్చిన హోర్హె మార్టిన్ ఒంట్లో నీరు తగ్గి నీరసించిపోయాడు. వారిది ఏళ్ల తరబడి సాధన చేసిన శరీరం. కనుక చిల్లుల తోలు సూటు తీసుకోండి, లోపల చెమట పీల్చే పలుచని సూటు వేసుకోండి, ట్రాక్ మీద మీ వంతు అయిన వెంటనే సూటును నడుము దాకా దించి నీడలో కూర్చోండి, ఉప్పు చక్కెర కలిపిన నీళ్లు తాగండి. వాన పడితే ఆ చిల్లుల్లోంచి నీళ్లు దూరుతాయి కాబట్టి పైన బిగువైన వాన సూటు కావాలి.

ఇక్కడి నుంచి చెన్నై దాదాపు వెయ్యి కిలోమీటర్లు. ఏడాదికి ఒక్కసారి వెళ్లేవారు తోలు సూటు కొనాలని నేను అనను. చాలా శిక్షణ శిబిరాల్లో అద్దెకు దొరుకుతుంది. మీ కొలతలు ముందుగా పంపి ఖాయం చేసుకోండి. గ్లవ్స్, బూట్లు, హెల్మెట్టు మాత్రం సొంతవే తీసుకువెళ్లండి, అవి రోడ్డు మీదా పనికొస్తాయి. అన్నీ ఒకేసారి కొనలేనివారు హెల్మెట్టుతో మొదలుపెట్టి, తరువాత గ్లవ్స్, బూట్లు, ఆపైన జాకెట్టు, చివర వాన తొడుగు అనే వరసలో పోవచ్చు. తరచూ వెనక కూర్చునే మనిషి ఉంటే రెండో హెల్మెట్టును గ్లవ్స్ కన్నా ముందుకు జరపాలి. బల్ల మీద మూడు కొలతల జాకెట్లు పెట్టాను, వరండాలో బండి స్టాండు వేసి ఉంది. ప్రశ్నలు అడిగేవారు ముందు ఒకసారి వేసుకుని, ఆ బండి మీద కూర్చుని రండి.