'ధ' పొట్టలో చుక్క

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా స్క్రీన్ ప్రింటింగ్‌లో స్క్రీన్ మీద, అంటే చట్రానికి బిగించిన బట్ట మీద, ఎమల్షన్ (వెలుతురు తగిలితే గట్టిపడే మందు) పూయడం, అక్షరాల ఫిల్మ్ పెట్టి వెలుతురు చూపించడం, అంటే ఎక్స్‌పోజ్ చేయడం, అక్షరాల చోట గట్టిపడనిది కడగడం నేర్చుకున్నారు కదా, ఇవాళ తేడా కొట్టిన స్క్రీన్ గురించి మాట్లాడుకుందాం. రేపు షాపు పెట్టాక మీ టైమంతా తినేది అదే.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. విజయవాడలో షాపు పెట్టిన కొత్తలో ఒక పెళ్లి ఆర్డరు, 500 కార్డులు. మొదటి కార్డు వేసి రెండుసార్లు చదివాను, అంతా బాగుంది, ఇంకేముంది, మిగతావి లాగేశాను. సాయంత్రం పెళ్లికూతురి తండ్రి వచ్చి, కళ్లజోడు పెట్టుకుని పైకే చదివారు. "నూతన వథూవరులను..." అని ఆగి నావైపు చూశారు. 'ధూ' పొట్టలో చుక్క పడి 'థూ' అయి కూర్చుంది! "ఏం బాబూ, మా పిల్లల మీద ఊస్తున్నావా?" అన్నారు. ఆయన నవ్వుతూనే అన్నారు, నాకే నవ్వు రాలేదు. ఏరి చూస్తే దాదాపు 300 కార్డుల్లో అదే చుక్క. కార్డులు సొంత డబ్బుతో కొని మళ్లీ వేశాను.

మొదటి కార్డులో లేని చుక్క మధ్యలో ఎక్కడినుంచి వచ్చిందంటారా? అప్పట్లో మేం ఎండలోనే ఎక్స్‌పోజ్ చేసేవాళ్లం, ఆ రోజు మబ్బు పట్టింది, నేను మాత్రం రోజూ లెక్కపెట్టే అంకెల దగ్గరే ఆపేశాను. ఎమల్షన్ వెలుతురు తగిలిన వైపు గట్టిపడింది, స్క్వీజీ (ఇంకుని లాగే రబ్బరు పలక) ఆడే లోపలి వైపు జిగటగానే మిగిలిపోయింది. పెళ్లికార్డుకి మనం వాడే బోల్టింగ్ క్లాత్‌లో సెంటీమీటరుకి 120 దారాలు, అంటే అంగుళానికి సుమారు 305. అంత సన్నటి కళ్లలో రెండు మూడు, స్క్వీజీ రాపిడికి ఊడి తెరుచుకుంటే చాలు. (బోల్టింగ్ క్లాత్ అంటే అసలు పిండిమిల్లులో పిండి జల్లించే పట్టుబట్ట. ఇప్పుడు పాలిస్టర్ వచ్చింది గానీ పని మాత్రం జల్లెడ పనే, కన్ను తెరిచి ఉన్నచోట ఇంకు దిగుతుంది.)

అందుకే కడిగి ఆరాక స్క్రీన్‌ని వెలుతురుకి ఎత్తిపట్టి చూడండి. నక్షత్రాల్లా మెరిసేవే పిన్‌హోల్స్. దుమ్ము, ఎమల్షన్‌లో బుడగలు, సరిగా కడగని బట్ట మీద మిగిలిన జిడ్డు, ఇలా కారణాలు బోలెడు. స్క్రీన్ తీసేసి మళ్లీ చేసినా అదే చోట చుక్క కనిపిస్తే ఎమల్షన్‌ని తిట్టకండి, గాజు మీదో ఫిల్మ్ మీదో మచ్చ ఉన్నట్టే, ముందు అది తుడవండి.

ఇక టచ్చింగ్, అంటే ఆ చుక్కలు పూడ్చడం. కార్డులకి వాడేది థిన్నర్‌తో పల్చన చేసే ఇంకు, దానికి మిగిలిన ఎమల్షనే సరిపోతుంది, సన్న బ్రష్‌తో చుక్క మీద పెట్టి, ఆరాక మళ్లీ వెలుతురు చూపించండి. చాలామంది నెయిల్ పాలిష్ పెడతారు. టీషర్టుల మీద నీళ్లతో కలిపే ఇంకు వేసేటప్పుడు అది భేషుగ్గా పనిచేస్తుంది, కానీ థిన్నర్ ఇంకు దగ్గర పెడితే పది కార్డులకే కరిగి దారి ఇచ్చేస్తుంది. ఇంకు ఏ ద్రవంలో కరుగుతుందో, పూడ్చే మందు అందులో కరగకూడదు, లెక్క ఇంతే. పెట్టడం కూడా కార్డుకి తగిలే వైపు పెట్టండి, లోపల పెడితే స్క్వీజీ దాన్ని గీరేస్తుంది. అలాగని దిబ్బలా పెడితే అక్కడ స్క్రీన్ కార్డు నుంచి లేచి ఇంకు పక్కకి పాకుతుంది. చూసీ చూడనట్టు పల్చగా, అంతే.

అక్షరం మూసుకుపోతే ఏం చేయాలని పొద్దున ఒక తమ్ముడు అడిగాడు. 'భ' కింద గీత, సున్నా చుట్టూ గీత, ఇలాంటివి. స్క్రీన్ ఇంకా తడిగా ఉంటే నీళ్లు మెల్లగా చిమ్మి చూడండి, పల్చటి పొర అయితే పోతుంది. ఆరాక మాత్రం సూది పెట్టకండి! పోయేది ఎమల్షన్ కాదు, దారం తెగుతుంది, ఆ బట్ట ఇక చెత్తబుట్టకే. మూసుకుపోయిన గీతకీ, రంపం పళ్లలా వచ్చిన అంచుకీ టచ్చింగ్ లేదు. బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో తీసేసి మళ్లీ పూసుకోవడమే. అక్షరం అంచుని బ్రష్‌తో దిద్దుతూ గంట కూర్చునే వాళ్లని చూశాను, నేనూ కూర్చున్నాను, ఆ గంటలో కొత్త స్క్రీన్ తయారయ్యేది.

ఎమల్షన్‌కి వెలుతురుతో గట్టిపడే గుణం ఇచ్చే సెన్సిటైజర్‌గా బైక్రోమేట్ కలిపేవాళ్లు ఇంకోటి వినండి. పూసిన స్క్రీన్ చీకట్లో ఉంచినా మెల్లగా దానంతటదే గట్టిపడుతుంది, మన ఎండాకాలంలో ఇంకా త్వరగా. రాత్రి పూసి మర్నాడు మధ్యాహ్నం వాడితే అక్షరాలు కడిగినా ఊడవు. పైగా అది విషం, చర్మం మీద పుళ్లు వస్తాయి, గ్లోవ్స్ లేకుండా ముట్టుకోకండి. ఖర్చు కాస్త ఎక్కువైనా డయాజో అనే సెన్సిటైజర్ వాడుకోమనే చెబుతాను.

ఇక మాటలు చాలు. ఇదిగో ఈ స్క్రీన్ నిన్న నేనే కావాలని చెడగొట్టి తెచ్చాను, పదకొండు చుక్కలున్నాయి. కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి వెతకండి. పది అందరికీ దొరుకుతాయి. పదకొండోది ఒక అక్షరం లోపల ఉంది.