నలభయ్యో పిక్

శ్రోతలందరికీ నమస్కారం. ఇవాళ ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదండీ, ఆస్ట్రేలియావాళ్ళు ఫూటీ అని ముద్దుగా పిలుచుకునే ఆట. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, మైదానం చాలాచోట్ల క్రికెట్‌దే, ఒక్కో జట్టు నుంచి 18 మంది దిగి బంతిని కాలితో తన్నుతూ, పిడికిలితో గుద్దుతూ, ఒకడి భుజాల మీదికి ఇంకొకడు ఎగిరి క్యాచ్‌లు పడుతూ ఆడతారు. మెల్‌బోర్న్ పడమటి వైపు టార్నీట్, పాయింట్ కుక్‌లలో స్థిరపడ్డ మనవాళ్ళకి దీన్ని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. టార్నీట్ స్టేషన్లో ఆగే జిలాంగ్ రైలు వాళ్ళు రోజూ చూస్తూనే ఉంటారు. ఆ రైలెక్కి చివరిదాకా వెళ్తే వచ్చే ఊరు, ఆ ఊరి క్లబ్బు, ఆ క్లబ్బులో మైదానంలోకి దిగకుండానే మ్యాచ్‌లు గెలిపించే కొందరు మనుషులు, ఇదీ ఇవాళ్టి కబురు.

జిలాంగ్ మెల్‌బోర్న్‌కి నైరుతి దిక్కున, దాదాపు 75 కిలోమీటర్ల దూరంలో సముద్రం ఒడ్డున ఉంటుంది. ఒకప్పుడు ఉన్ని వ్యాపారానికీ ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీకీ పేరు, ఆ ఫ్యాక్టరీ 2016లో మూతపడింది. ఇంత పెద్ద లీగ్‌లో ఆడే క్లబ్బులతో పోలిస్తే చిన్న ఊరే. అలాంటి ఊరి క్లబ్బు 2007 నుంచి 2025 దాకా రెండే రెండుసార్లు, 2015లోనూ 2023లోనూ, ఫైనల్స్‌కి, అంటే సీజన్ చివర పైనున్న జట్ల మధ్య జరిగే నాకౌట్ పోటీలకి, చేరలేకపోయింది. నాలుగుసార్లు కప్పు గెలిచింది: 2007, 2009, 2011, 2022. పెద్ద క్లబ్బు దగ్గర డబ్బుంటే గెలవదా అనుకుంటున్నారేమో, అక్కడే ఉంది తిరకాసు, ఈ లీగ్‌లో డబ్బుతో గెలవడం కుదరదు.

ఏఎఫ్‌ఎల్ అనే ఈ లీగ్‌లో 18 క్లబ్బులు. అందరూ జీతాలకు ఖర్చు పెట్టగలిగే మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది, అది 1987 నుంచీ ఉంది. కొత్త కుర్రాళ్ళని తీసుకునేది డ్రాఫ్ట్ ద్వారా, అది 1986లో మొదలైంది. మన ఐపీఎల్‌లో వేలంపాట ఉంటుంది కదా, ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళకి ఆటగాడు. ఇక్కడ పాట లేదు. వరుస ఉంటుంది. కిందటి సీజన్‌లో అట్టడుగున ఉన్న క్లబ్బు మొట్టమొదట ఎంచుకుంటుంది, కప్పు కొట్టిన క్లబ్బు అందరికంటే చివర. ఒక రౌండ్ అయ్యాక మళ్ళీ అదే వరుస. ఒక్కో వంతునీ పిక్ అంటారు, ఒకటో పిక్, ఐదో పిక్, నలభయ్యో పిక్, ఇలా. పదిహేడు పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి ఎక్కడ ఆడాలో చెప్పే హక్కు లేదు, పెర్త్‌లో పుట్టినవాణ్ణి బ్రిస్బేన్ పిలిస్తే అమ్మానాన్నల్ని వదిలి దేశానికి ఆ చివరకి పోవాల్సిందే.

అంటే ఈ నియమాలన్నీ పైకెక్కినవాణ్ణి కిందికి లాగడానికీ, కిందున్నవాణ్ణి పైకి తోయడానికీ రాసినవే. గెలిచేకొద్దీ నీకు దొరికే కుర్రాళ్ళు నాసిరకం అవుతారు, ఉన్నవాళ్ళకి జీతాలు పెంచాల్సి వస్తుంది, పరిమితి దాటకూడదు కాబట్టి ఎవరో ఒకరు వెళ్ళిపోతారు. ఏటికి ఎదురీదడమే. అందుకే ఈ లీగ్‌లో ఒక క్లబ్బు ఇరవై ఏళ్ళపాటు పైనే ఉందంటే నేను ముందు కోచ్ పేరు అడగను, కుర్రాళ్ళని వెతికేవాళ్ళెవరు, జాబితా చూసేవాళ్ళెవరు అని అడుగుతాను. అక్కడ దీన్ని లిస్ట్ మేనేజ్‌మెంట్ అంటారు: నలభై చిల్లర మంది ఆటగాళ్ళ జాబితాలో ఎవరి వయసెంత, ఎవరి కాంట్రాక్టు ఎప్పుడు తీరుతుంది, రెండేళ్ళ తర్వాత ఏ స్థానం ఖాళీ అవుతుంది, ఎవరికెంత ఇవ్వొచ్చు, ఎవరిని పంపించెయ్యాలి, ఇదంతా చూసే పని.

జిలాంగ్‌లో ఈ పనికి చాలా కాలం స్టీఫెన్ వెల్స్ అనే ఆయన పెద్ద దిక్కు. అభిమానులు ఆయన్ని ఇంచుమించు మాంత్రికుడిలా చూస్తారు. ఎందుకో చెప్పడానికి రెండు డ్రాఫ్ట్‌లు చాలు.

1999 డ్రాఫ్ట్. ఎనిమిదో పిక్‌తో జోయెల్ కోరీ, సరే, అది పై వరుస పిక్కే. ఆ తర్వాత 31వ పిక్‌తో పాల్ చాప్‌మన్, 38తో కామెరాన్ లింగ్, 47తో కోరీ ఎన్‌రైట్. నలుగురూ తర్వాతి కాలంలో కప్పులు గెలిచిన జట్టుకి మూలస్తంభాలు, లింగ్ అయితే 2011 కప్పు అందుకున్న కెప్టెన్. నలభై ఏడో పిక్ అంటే మిగిలిన క్లబ్బులన్నీ కలిసి ఆ కుర్రాణ్ణి దాదాపు మూడు రౌండ్ల పాటు చూసీ చూడనట్టు వదిలేశాయన్నమాట. ఇక 2001. ఎనిమిదో పిక్‌తో జిమ్మీ బార్టెల్, 17తో జేమ్స్ కెల్లీ, 24తో స్టీవ్ జాన్సన్, 40తో గ్యారీ అబ్లెట్ జూనియర్. ఈ ఒక్క సంవత్సరపు పంటలో ఇద్దరు బ్రౌన్‌లో పతకం గెలిచారు, అది సీజన్ మొత్తంలో ఉత్తమ ఆటగాడికిచ్చే పతకం. బార్టెల్, జాన్సన్ కప్పు ఎవరిదో తేల్చే గ్రాండ్ ఫైనల్లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ పతకాలు కూడా తెచ్చారు. చాప్‌మన్‌కీ ఒకటొచ్చింది, 2009లో.

అయితే ఇక్కడ వెల్స్ అభిమానులు కాస్త తొందరగా దాటేసే సంగతొకటుంది. అబ్లెట్‌ని నలభయ్యో పిక్‌తో పట్టడం గొప్ప కన్ను వల్ల జరిగింది కాదు. వాళ్ళ నాన్న గ్యారీ అబ్లెట్ సీనియర్ జిలాంగ్‌లో దేవుడి లెక్క, ఆ అభిమానులు ఆయన్ని నిజంగానే గాడ్ అని పిలిచేవారు. తండ్రి ఒక క్లబ్బుకి తగినన్ని మ్యాచ్‌లు ఆడివుంటే కొడుకుని అదే క్లబ్బు తీసుకోవచ్చని లీగ్‌లో ఒక వారసత్వ నియమం ఉంది, ఆ రోజుల్లో దానికి మూడో రౌండ్ పిక్ ఇస్తే సరిపోయేది. డిఫెండర్ మాథ్యూ స్కార్లెట్ అలాగే వచ్చాడు. గోల్స్ కొట్టే టామ్ హాకిన్స్ 2006లో 41వ పిక్‌కే వచ్చాడు. మన సినిమా కుటుంబాలు గుర్తొచ్చాయా, నాకూ వచ్చాయి. తర్వాత లీగ్ కళ్ళు తెరిచింది, ఇప్పుడు అలాంటి కుర్రాడి కోసం వేరే క్లబ్బు ముందు బిడ్ వేస్తే ఆ ధరకి తగ్గ పిక్‌లు ఇచ్చుకోవాల్సిందే. కాబట్టి జిలాంగ్ కథలో అదృష్టం పాలు లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కానీ లింగ్, ఎన్‌రైట్, చాప్‌మన్‌ల నాన్నలు ఎవరని ఎవరూ అడగలేదే, వాళ్ళని పట్టింది కన్నే.

పై పిక్‌లుంటే చాలు అనుకునేవాళ్ళకి పక్కనే ఉన్న కార్ల్‌టన్ క్లబ్బుని చూపిస్తాను. జీతాల పరిమితిని దాటి దొంగచాటుగా డబ్బిచ్చినందుకు 2002లో వాళ్ళకి భారీ జరిమానా పడింది, డ్రాఫ్ట్ పిక్‌లు పోయాయి, జట్టు కూలిపోయింది. కూలిపోయింది కాబట్టే 2005, 2006, 2007, వరసగా మూడేళ్ళు దేశంలో మొట్టమొదటి పిక్ వాళ్ళకే దక్కింది: మార్క్ మర్ఫీ, బ్రైస్ గిబ్స్, మాథ్యూ క్రూజర్. ముగ్గురూ మంచి ఆటగాళ్ళే, ఎవరూ చెత్త కాదు. కప్పు రాలేదు, గ్రాండ్ ఫైనల్ దాకా కూడా రాలేదు. గిబ్స్‌ని కార్ల్‌టన్ తీసుకున్న అదే 2006 డ్రాఫ్ట్‌లో మోకాలి గాయం భయంతో మరికొన్ని క్లబ్బులు వెనకాడిన బెండిగో కుర్రాడు జోయెల్ సెల్‌వుడ్ ఏడో పిక్ దాకా మిగిలిపోయి జిలాంగ్ ఒళ్ళో పడ్డాడు. మొదటి సంవత్సరమే కప్పు. ఆ 2007 గ్రాండ్ ఫైనల్లో పోర్ట్ అడిలైడ్‌ని 119 పాయింట్ల తేడాతో చిత్తు చేశారు, గ్రాండ్ ఫైనల్స్ చరిత్రలో అంత తేడా మరెప్పుడూ లేదు, పైగా అది జిలాంగ్‌కి 44 ఏళ్ళ తర్వాత వచ్చిన కప్పు. సెల్‌వుడ్ 355 మ్యాచ్‌లాడి, నాలుగు కప్పులు గెలిచి, నాలుగోది కెప్టెన్‌గా అందుకుని రిటైరయ్యాడు.

మరి ఇంతమంది స్టార్లకి జీతాలెలా సరిపోయాయి? చాలామంది బయట దొరికేదానికంటే తక్కువకే ఉండిపోయారు కాబట్టి. వినడానికి ఎంతో బాగుంటుంది గానీ ఒక ఆటగాణ్ణి అలా ఒప్పించడం మామూలు విషయం కాదు. అందరూ ఒప్పుకోలేదు కూడా. 2010లో, మరుసటి ఏడాది లీగ్‌లోకి రాబోతున్న గోల్డ్ కోస్ట్ అనే కొత్త క్లబ్బు అబ్లెట్‌కి కళ్ళు చెదిరే మొత్తం చూపించింది, అప్పటికి దేశంలోకెల్లా గొప్ప ఆటగాడు, వెళ్ళిపోయాడు. కోచ్ మార్క్ థాంప్సన్ కూడా అప్పుడే వెళ్ళిపోయాడు. జిలాంగ్ పని అయిపోయిందన్నారు. కొత్త కోచ్ క్రిస్ స్కాట్‌తో, అబ్లెట్ లేకుండా, ఆ మరుసటి సంవత్సరమే కప్పు కొట్టారు. హాథార్న్ క్లబ్బుకీ అచ్చం ఇలాగే జరిగింది: 2013లో కప్పు గెలిచిన వెంటనే వాళ్ళ మహా గోల్ వీరుడు బడీ ఫ్రాంక్లిన్ తొమ్మిదేళ్ళకి కోటి డాలర్ల ఒప్పందంతో సిడ్నీకి పోయాడు, హాథార్న్ 2014, 2015 కూడా గెలుచుకుంది. 2014 గ్రాండ్ ఫైనల్లో ఓడించింది ఎవరినో తెలుసా, ఫ్రాంక్లిన్ ఆడుతున్న సిడ్నీనే. జీతాల పరిమితి ఉన్న లీగ్‌లో ఒక్కడి మీద అంత డబ్బు పోస్తే మిగతా నలభై మందికి మిగిలేదెంత అనేది ఆ రెండు కథల్లోనూ కనిపిస్తుంది. అలాగని స్టార్ వెళ్ళిపోతేనే మంచిదని నేననడం లేదు, ఆ ఒక్కడూ లేకపోయినా నిలబడేలా జాబితా ముందే కట్టుకుని ఉండాలంటున్నాను.

ఇక కఠినమైన భాగం. చాప్‌మన్‌కి 2013 తర్వాత కొత్త కాంట్రాక్టు ఇవ్వలేదు, ఎసెండన్‌కి వెళ్ళాడు. స్టీవ్ జాన్సన్, జేమ్స్ కెల్లీలకి 2015 తర్వాత అదే గతి. నార్మ్ స్మిత్ పతకాలు తెచ్చినవాళ్ళకి ఇలా తలుపు చూపిస్తే ఊళ్ళో ఎంత గొడవై ఉంటుందో ఊహించండి. మన దగ్గర సీనియర్ క్రికెటర్ని తప్పిస్తే టీవీల్లో వారం రోజులు చర్చ, అక్కడా అంతే. వాళ్ళ మీద నాకు ప్రేమ ఉంది, ముఖ్యంగా జాన్సన్ మీద, అలాంటి చిలిపి ఆటగాడు అరుదు. అయినా జాబితా చూసేవాడు నిరుటి పతకం చూడకూడదు, వచ్చే ఏటి కాళ్ళు చూడాలి.

ఆ ఖాళీల్లోకి ఎవరొచ్చారన్నదే నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. మార్క్ బ్లికావ్స్ లండన్ ఒలింపిక్స్‌కి వెళ్ళాలని స్టీపుల్‌చేజ్ పరిగెడుతుండేవాడు, ఆరున్నర అడుగుల మనిషి, అతన్ని తెచ్చి ఆట నేర్పారు, తర్వాత రెండుసార్లు క్లబ్బు ఉత్తమ ఆటగాడయ్యాడు. టామ్ స్టువర్ట్ జిలాంగ్ స్థానిక లీగ్‌లో ఆడుకునే ఊరి కుర్రాడు, ఇరవై మూడేళ్ళు వచ్చేసరికి డ్రాఫ్ట్ ఆశలు ఎవరైనా వదిలేసుకుంటారు, 2016లో అతన్ని పిలిచారు. ఎన్నో పిక్‌తోనో చెప్పండి? నలభై. అబ్లెట్ సంఖ్యే. కాకపోతే ఈసారి వారసత్వం లేదు, అచ్చంగా చూసి పట్టిందే. టైసన్ స్టెంగిల్‌కి అడిలైడ్ క్లబ్బుతో మైదానం బయటి గొడవల వల్ల కాంట్రాక్టు పోయింది, స్థానిక లీగ్‌లో ఆడుకుంటున్నాడు, ఒక్క పిక్ కూడా ఖర్చు పెట్టకుండా తీసుకొచ్చారు. తెచ్చి ఊరికే వదిలెయ్యలేదు, అతను అన్నలా చూసే ఎడ్డీ బెట్స్‌ని కూడా కోచింగ్ బృందంలోకి తెచ్చుకున్నారు. మొదటి సీజన్లోనే స్టెంగిల్, ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ళతో ప్రకటించే ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో ఉన్నాడు.

పెద్ద పేర్లూ వచ్చాయి, అదీ తెలివితోనే. పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్ ఆడింది అడిలైడ్‌కి, పుట్టి పెరిగింది జిలాంగ్ దగ్గరి సముద్రతీరంలో, ఇంటికి రావాలని ఉంది, 2015 చివర వచ్చాడు, 2016లో బ్రౌన్‌లో పతకం. జెరెమీ కామెరాన్ విక్టోరియా పడమటి మూల డార్ట్‌మూర్ అనే పల్లెవాడు, సిడ్నీ నగరంలో ఆడుతున్నాడు, అతని కోసం మూడు తొలి రౌండ్ పిక్‌లు ధారపోశారు. పల్లెటూరి జీవితం, సముద్రం, మెల్‌బోర్న్ మీడియా హడావిడి లేకపోవడం, ఇవే జిలాంగ్ వాళ్ళు అమ్ముకునే సరుకు. జీతాల లెక్కలోకి రాని సరుకు కదా, పరిమితి దాన్నేమీ చెయ్యలేదు. కామెరాన్ వచ్చిన 2020లోనే హాథార్న్ నుంచి ఐజాక్ స్మిత్‌ని తెచ్చారు, అప్పటికి అతనికి ముప్పై ఒకటి దాటింది, ముసలాణ్ణి తెచ్చారని నవ్వారు.

నవ్వడానికి కారణమూ ఉంది. 2021 ప్రిలిమినరీ ఫైనల్లో, అంటే సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో, మెల్‌బోర్న్ జట్టు జిలాంగ్‌ని 83 పాయింట్ల తేడాతో ఉతికింది. జట్టు ముసలైపోయింది, అంతా కూల్చి మళ్ళీ కట్టుకోవాలని పండితులు తీర్పిచ్చేశారు. క్లబ్బు కూల్చలేదు. మరుసటి ఏడాది వరసగా 16 మ్యాచ్‌లు గెలిచి, గ్రాండ్ ఫైనల్లో సిడ్నీని 81 పాయింట్ల తేడాతో కొట్టి కప్పు తెచ్చింది. అంత సగటు వయసున్న జట్టు లీగ్ చరిత్రలోనే బరిలోకి దిగలేదు. నార్మ్ స్మిత్ పతకం ఎవరికో ఊహించే ఉంటారు, ఐజాక్ స్మిత్‌కి, 33 ఏళ్ళ వయసులో.

2025లో మళ్ళీ గ్రాండ్ ఫైనల్ దాకా వచ్చి బ్రిస్బేన్ చేతిలో 47 పాయింట్ల తేడాతో ఓడారు. ఆ బ్రిస్బేన్ 2017లో పట్టికలో అట్టడుగున ఉన్న జట్టు, అంతకుముందు ఒకే ఏడాది ఐదుగురు కుర్రాళ్ళు ఇంటిమీద బెంగతో వెళ్ళిపోయిన జట్టు, ఇప్పుడు వరసగా రెండు కప్పులు. వాళ్ళ కథ ఇంకో రోజు చెప్పుకోవాల్సినంత ఉంది. గోల్డ్ కోస్ట్ సంగతంటారా, ఎన్నో పై పిక్‌లు దక్కినా, అబ్లెట్‌ని లాక్కుపోయినా, మొదటిసారి ఫైనల్స్ చూసింది 2025లోనే.

2028లో టాస్మేనియా నుంచి 19వ క్లబ్బు రాబోతోంది. కొత్త క్లబ్బు కాబట్టి మంచి పిక్‌లు చేతిలో పెడతారు, అప్పుడే ఏ స్టార్‌ని కొనాలని అక్కడి అభిమానుల మధ్య వాదులాటలు నడుస్తున్నాయి. నన్నడిగితే మొదటి డాలర్ స్టార్ మీద కాదు, ఆదివారం పూట చలిలో ఏ పల్లె మైదానం అంచునో నిలబడి నోట్‌బుక్‌లో రాసుకునే ఆ వెతికేవాళ్ళ మీద పెట్టాలి. ఇవాళ్టికి సెలవు, నమస్కారం.