తొందరపడితే స్లాబ్ ఊరుకోదు

హోస్ట్: నమస్కారం. ఈ ఎపిసోడ్‌లో మాతో ఉన్న అన్న ఇక్కడే చెన్నైలో సైట్ ఇంజనీరు. వాళ్ల నాన్నగారు శ్రీకాకుళం నుంచి పనికొచ్చి ఇక్కడే స్థిరపడిన తాపీ మేస్త్రి. అన్నా, నేరుగా అడిగేస్తాను. మైలాపూరు, జార్జిటౌన్‌లలో వందేళ్లు దాటిన మిద్దెలు ఇంకా నిలిచి ఉన్నాయి. కొత్త అపార్ట్‌మెంట్లేమో పదేళ్లకే కారుతున్నాయి. ఎందుకంటారు?

ఇంజనీర్: పాతవన్నీ నిలవలేదమ్మా. పడిపోయినవి మన కంటికి కనిపించవు, అంతే. కానీ నిలిచినవాటిలో ఒక సంగతి ఉంది. వాటికి టైమిచ్చి కట్టారు. పాత ఇళ్ల పైకప్పు, మద్రాస్ టెర్రస్ అని వినే ఉంటావు.

హోస్ట్: పేరు విన్నాను. ఎలా వేస్తారో తెలియదు.

ఇంజనీర్: టేకు దంతెలు వరసగా పెట్టి, వాటి మీద సన్నటి ఇటుకల్ని నిలువుగా, ఐమూలగా సున్నంతో పేర్చేవాళ్లు. దాని మీద ఇటుక ముక్కలు, సున్నం కలిపిన మందపాటి పొర. ఆ పొరని ఆడవాళ్లు వరసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవాళ్లు. మధ్యమధ్యలో కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లేవాళ్లు. కొట్టేకొద్దీ లోపలి ఖాళీలు పూడి, నీళ్లు దిగే దారి లేకుండా బిగిసిపోతుంది. ఆ పైన పలకలు పరుస్తారు. ఇక సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని గట్టిపడటం నెలల తరబడి సాగుతూనే ఉంటుంది.

హోస్ట్: అంత సున్నం ఎక్కడి నుంచి వచ్చేది?

ఇంజనీర్: ఈ చుట్టుపక్కల గుల్ల సున్నం బాగా వాడేవాళ్లు. పులికాట్ వైపు దొరికే గుల్లల్ని కాల్చి చేసేది. ఇంకో విశేషం చెప్పనా? మన దేశంలో సిమెంటు తయారీకి జరిగిన తొలి ప్రయత్నాల్లో ఒకటి మద్రాసులోనే. 1904లో, అదీ సముద్రపు గుల్లలతోనే! అది నిలదొక్కుకోలేదనుకో. తర్వాత సిమెంటు కాలం రానే వచ్చింది. 1959కల్లా మౌంట్ రోడ్డులో ఎల్ఐసీ బిల్డింగ్ 14 అంతస్తులతో లేచింది.

హోస్ట్: ఇప్పుడు ఇల్లే ప్రింట్ చేస్తున్నారు కదా!

ఇంజనీర్: 2021లో ఐఐటీ మద్రాస్ క్యాంపస్‌లో చేసి చూపించారు, త్రీడీ ప్రింటింగ్‌తో చిన్న ఇల్లు. మంచి పని. కానీ నా మనసు ప్రీకాస్ట్ వైపే మొగ్గుతుంది. పెరుంబాక్కంలో 1,152 ఇళ్లు ఆ పద్ధతిలోనే కట్టి 2022లో ఇచ్చారు. ముక్కలన్నీ అచ్చుల్లో ముందే పోసి, తెచ్చి, క్రేన్‌తో బిగించడమే. కొలత తప్పదు, క్యూరింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా తడిగా ఉంచడం, మన చేతిలో ఉంటుంది. అతుకుల దగ్గర మాత్రం కన్ను వేసి ఉంచాలి. అక్కడ అశ్రద్ధ చేస్తే వానాకాలం వదిలిపెట్టదు.

హోస్ట్: చెన్నై శివారు మౌలివాక్కంలో భవనం కూలిన సంగతి అడగాలని ఉంది. మీకు ఇబ్బంది లేకపోతేనే.

ఇంజనీర్: అడగాల్సిందే. 2014 జూన్ 28, శనివారం సాయంత్రం, వాన పడుతోంది. కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది పోయారు. అందులో మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు ఎంతమందో! పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లు. పిడుగు పడిందని మొదట్లో అన్నారు. పిడుగు పడితే ఆర్‌సీసీ భవనం, అంటే కమ్మి పెట్టి కాంక్రీటు పోసినది, అలా కూలదమ్మా. పక్కనే ఉన్న రెండో టవర్‌ని 2016 నవంబర్‌లో పేలుడు పదార్థాలు పెట్టి కూల్చేశారు. మట్టి పరీక్ష, స్తంభాల లెక్క, కాంక్రీటు నాణ్యత, వీటిలో ఎక్కడ తేడా వచ్చినా ముందు దాని కింద పడేది కూలీయే. ఆఫీసులో కూర్చుని సంతకం పెట్టినవాడు కాదు.

హోస్ట్: రోజూ మీరు చూసే తప్పులేంటి? మామూలు ఇళ్లలో.

ఇంజనీర్: ప్లాంటులో కలిపి తెచ్చే కాంక్రీటు, అదే రెడీమిక్స్, దాని లారీ దగ్గర నీళ్లు కలపడం. ప్లాంటులో నీళ్లు కలిపాక రెండు గంటల్లోపు దించేయాలని నియమం. మన ట్రాఫిక్ నీకు తెలిసిందే. దారిలో బిగుసుకుంటుంది, సైట్‌కొచ్చాక ఎవరో పైపు పెట్టి నీళ్లు వదులుతారు. జారుడుగా పోతుంది, పోసేవాళ్లకి హాయి. ఆ ఎక్కువైన నీళ్లు ఆరిపోయాక లోపల కంటికి కనిపించని రంధ్రాలు మిగులుతాయి. కారడం అక్కడే మొదలవుతుంది. మనది సముద్రం ఒడ్డు. ఉప్పుగాలి ఆ రంధ్రాల్లోంచి దిగి కమ్మిని పట్టుకుంటుంది. తుప్పు పట్టిన కమ్మి ఉబ్బి కాంక్రీటుని బయటికి తోస్తుంది. బాల్కనీ కింద పెచ్చులూడి ఎర్రగా కమ్మి కనిపిస్తుందే, అది ఇదే. కమ్మిని అచ్చుకి అంటకుండా ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు పెట్టకుండా రాళ్లముక్కలు పెట్టినా ఇంతే.

హోస్ట్: మాధవరంలో మా పిన్నివాళ్లు ఇల్లు మొదలుపెట్టారు. వాళ్లకి ఏం చెప్పమంటారు?

ఇంజనీర్: స్లాబ్ మీద మడులు కట్టి నీళ్లు నిలపమను. కనీసం పది రోజులు. ఇక సెంట్రింగ్ సంగతి, అంటే స్లాబ్ గట్టిపడేదాకా కింద మోసే పలకలు, జాకీలు. గోడ నుంచి గోడకి నాలుగున్నర మీటర్లలోపైతే 7 రోజులు, దాటితే 14 రోజులు కింద సపోర్టు ఉండాలి. ఆరు మీటర్లు దాటిన బీములకైతే 21. ఇవి ఓపీసీ అనే మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుకి. ఇప్పుడు ఇళ్లకి ఎక్కువగా వాడేది పీపీసీ, బూడిద లాంటివి కలిపిన సిమెంటు. అది నిదానంగా బలం పుంజుకుంటుంది, ఇంకొన్ని రోజులు కలుపుకోవాలి.

హోస్ట్: మేస్త్రికి ఇవన్నీ తెలియవా?

ఇంజనీర్: బాగా తెలుసు. సెంట్రింగ్ సామాను అద్దెది తల్లీ, రోజుకింతని. కాంట్రాక్టు మొత్తం ఒకే రేటు మాట్లాడేస్తే, ఉంచిన ప్రతి రోజూ మేస్త్రి జేబులోంచే పోతుంది. తొందరగా విప్పకేం చేస్తాడు? మీ పిన్నివాళ్లని ఆ అద్దె తామే కడతామని అగ్రిమెంటులో విడిగా రాసుకోమను. ఎన్ని రోజులో కూడా అందులోనే రాయాలి. స్లాబ్ పోసిన తారీఖు గోడ మీద పెయింటుతో వేయించమను. విప్పే ముందు ఇంజనీరు వచ్చి చూసి సరేనన్నాకే ఒక్క జాకీ అయినా కదలాలి.