ఏ నాటి రంగు? పాత డీజిల్ ఇంజన్‌కు రంగు నిర్ణయించడం గురించి

సభకు నమస్కారం.

పాత ఆవిరి రైలింజన్‌ను మళ్లీ పాత రూపంలో నిలబెట్టేవారికి నలుపు రంగుతో చాలావరకు గండం గడిచిపోతుంది. డీజిల్ ఇంజన్‌కు ఆ వెసులుబాటు లేదు. దాని ఒంటి నిండా రంగే. పట్టీ ఎక్కడ మొదలై ఎక్కడ వంగిందో, పసుపు ఎంత ముదురో చిన్నప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి చూసినవారందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది, ఆ అభిప్రాయాలేవీ ఒకదానితో ఒకటి కలవవు.

మన ప్రాంతంలో అందరికీ తెలిసిన డబ్ల్యూడీఎం-2 అనే డీజిల్ ఇంజన్ రకాన్నే తీసుకుందాం. 2,600 అశ్వశక్తి గల ఈ ఇంజన్లు 1962లో అమెరికాలోని ఆల్కో సంస్థ నుంచి మొదట దిగుమతి అయ్యాయి, 1964 నుంచి వారణాసిలోనే తయారయ్యాయి. అటువంటి ఇంజన్ మూడు నాలుగు దశాబ్దాలు తిరిగితే ఎన్నోసార్లు రంగు మారుతుంది, దాన్ని నిలిపి మరమ్మతు చేసే షెడ్డు మారితే ఆ షెడ్డు వారి అభిరుచి కూడా దాని మీదికి ఎక్కుతుంది. కాబట్టి 'దీని అసలు రంగు ఏది' అనే ప్రశ్నకు జవాబు ఉండదు. 'ఏ సంవత్సరంలో ఉన్న రూపాన్ని నిలబెడుతున్నాం' అని ముందు తేల్చుకోవాలి. దక్షిణ మధ్య రైల్వే 1966 అక్టోబరు 2న ఏర్పడింది. ఇంజన్‌ను 1964 నాటి రూపంలో నిలబెడతామని చెప్పి, పక్కన దక్షిణ మధ్య రైల్వే అక్షరాలు రాయిస్తే, రంగు ఎంత చక్కగా కుదిరినా ఆ పని అబద్ధమే అవుతుంది.

సంవత్సరం తేలాక మొదటి సాక్షి ఇంజన్ ఒళ్లే. తలుపు చట్రం లోపలి అంచులో గానీ, నంబరు పలక కింద గానీ రూపాయి బిళ్ల అంత చోట వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే ఉప్పు కాగితంతో, నెమ్మదిగా రుద్దితే, పూతలు చెట్టు మానులోని వలయాల్లా ఒకదాని వెంట ఒకటి బయటపడతాయి: అడుగున ఇనుము, దాని మీద రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, లప్పం, ఆపైన రంగులు. ఇక్కడ తొందరపడేవారు చేసే పొరపాటు ఒకటుంది. కనిపించిన ప్రతి పొరా ఇంజన్ లోకానికి చూపించిన రంగు కాదు. కొన్ని కేవలం అడుగుపూతలు. రెండు పొరల మధ్య పొగ, నూనె, దుమ్ము కలిసిన సన్నని నల్ల గీత భూతద్దంలో కనబడితే, దాని కింది పూత కొంతకాలం ఎండకూ వానకూ బయట ఉందని అర్థం. గీత లేకుండా రెండు పూతలు అతుక్కుని ఉంటే కిందిది అడుగుపూత అయ్యే అవకాశమే ఎక్కువ. అయితే పెద్ద మరమ్మతులో ఇనుము తేలేదాకా గీకిన ఇంజన్ మీద పాత పొరలు మిగలవు. అప్పుడు ఎవరి చెయ్యీ పోని మూలలే దిక్కు.

పలక కింద దొరికిన రంగు ఎండ తగలనిది కాబట్టి అదే నిక్కమైనదని నేను చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంతోనే ఒక ఇంజన్ పట్టీకి మీగడ రంగును ఆ నమూనా ప్రకారం కలిపించి, నలుగురూ అది మీగడ కాదు, పసుపు అనేసరికి తల దించుకున్నాను. జరిగింది ఇది. పాత ఎనామిళ్లలో అవిసె నూనె వంటి ఆరే నూనెలు ఉంటాయి, వెలుతురు లేని చోట అవి పసుపుబారతాయి. ఎండ రంగును వెలిసిపోయేలా చేస్తే, చీకటి దాన్ని పసుపుబారేలా చేస్తుంది. రెండూ సాక్ష్యాన్ని మార్చేవే. తెరిచిన నమూనాను కొన్ని వారాలు కిటికీ వెలుతురులో ఉంచితే ఆ పసుపుదనం చాలావరకు విరుగుతుంది. ఆ తరువాతే కొలవాలి. బయటి రంగులకు వేరే జబ్బులున్నాయి: పాత పసుపు రంగుల్లోని లెడ్ క్రోమేట్ అనే సీసపు వర్ణకం గంధకపు వాయువులు సోకి నల్లబడుతుంది, కొన్ని ఎరుపులు సున్నంలా పొడి రాలి గులాబీ రంగుకు దిగుతాయి.

షెడ్డులో పనిచేసిన పెద్దల జ్ఞాపకాన్ని తక్కువ చేయను, కానీ అడిగే పద్ధతి ఒకటుంది. ఒకాయన 'ముద్దబంతి పసుపు' అంటారు, మరొకాయన 'మామిడిపండు' అంటారు. ఇద్దరూ చూసింది ఒకే ఇంజన్. పేరు అడగడం మానేసి, అయిదారు రంగు రేకులు నీడపట్టున వరుసగా పరిచి దేనికి దగ్గరో చూపించమంటే, ఆ చెయ్యి మాట కంటే నిలకడగా ఉంటుంది.

నలుపు తెలుపు ఛాయాచిత్రం పట్టీ ఎక్కడ ఉందో చెబుతుంది గానీ రంగు చెప్పదు. ఆకాశం ముదురుగా రావాలని పసుపు ఫిల్టర్ పెట్టి తీసిన చిత్రంలో పసుపు తెల్లగా, నీలం నల్లగా కనిపిస్తుంది. రంగుల చిత్రాల్లో అయితే, ఆనాటి చాలా ఫిల్ముల్లో నీలాకుపచ్చ వర్ణకం ముందుగా వెలిసి చిత్రమంతా ఎర్రబారింది. అటువంటి దాన్ని ఫోన్‌లో చూసి రంగు కలిపించే వారికి నమస్కారం పెట్టడం తప్ప నేనేమీ చేయలేను.

రంగు నిర్ణయమయ్యాక దానికి ఒక సంఖ్య కావాలి. మన దేశంలో ఐఎస్ 5 అనే రంగుల ప్రమాణ పట్టిక ఉంది. గోల్డెన్ ఎల్లో 356, సిగ్నల్ రెడ్ 537, ఆక్స్‌ఫర్డ్ బ్లూ 105. ఇవే సంఖ్యలు బ్రిటిష్ బీఎస్ 381సీ పట్టికలోనూ కనిపిస్తాయి. నమూనా ఏ సంఖ్యకు దగ్గరో చెప్పవచ్చు, కానీ సంఖ్య నమూనాను శాసించకూడదు. ఒక వెలుతురులో కలిసిన రెండు రంగులు మరో వెలుతురులో విడిపోతాయి, పాత వర్ణకం స్థానంలో కొత్తది కలిపినప్పుడు మరీను. దుకాణంలో ట్యూబ్‌లైటు కింద సరిపోయిందని తెచ్చుకున్న పసుపు మన హైదరాబాద్ ఎండలో ఆకుపచ్చ జాడ చూపించవచ్చు. అందుకే ఎండలోనూ నీడలోనూ దీపం కిందా చూడాలి, చూసేది షేడ్ కార్డు మీది చిన్న ముక్కను కాక కనీసం ఒక గజం రేకును. అదే రంగు పెద్ద వైశాల్యంలో మరింత లేతగా, మరింత ప్రకాశంగా తోస్తుంది. సీసం లేని కొత్త పసుపులకు కింది రంగును కప్పే శక్తి తక్కువ కాబట్టి రేకు మీద కూడా ప్రైమర్ నుంచి పైపూత దాకా అన్ని పూతలూ అసలు వరుసలోనే వేయాలి. పాత పూతల్లో సీసం ఉంటుందని గుర్తుంచుకుని, రుద్దే ప్రతిసారీ తడిపే రుద్దాలి, ముక్కుకు తగిన మాస్కు ఉండాలి, ఆ బురదను కాలువలో పోయకూడదు.

చివరగా ఒక విన్నపం. ఇంజన్ మొత్తానికి కొత్త రంగు వేసేటప్పుడు, ఇంజన్ యంత్రాన్ని కప్పే హుడ్ తలుపు లోపలి వైపున అరచేయంత చోట పాత పొరలను మెట్లుమెట్లుగా తెరిచి అలాగే వదిలేయండి. దాని పక్కనే మీరు ఎంచుకున్న సంవత్సరం, కలిపిన రంగుల పాళ్లు, వేసిన తేదీ రాసి పెట్టండి. నా కొలత తప్పని మరో ముప్పై ఏళ్లకు ఎవరైనా తేల్చాలంటే, వారికి ఆ అరచేయంత చోటు అవసరమవుతుంది.