మారతహళ్లి ఒకటే, స్పెల్లింగులే వేరు: ఇలాంటివి మరికొన్ని వెతకడం ఎలా

అందరికీ నమస్కారం. వెనక హారన్లు వినిపిస్తే ఏమీ అనుకోకండి. మా ఇల్లు ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే, కిటికీ మూస్తే ఉక్కపోత.

బెంగళూరులో అద్దె ఇళ్ల గురించి మనవాళ్లు తెలుగులో పెట్టిన ప్రకటనలు నా దగ్గర ఓ ఆరువందలు ఉన్నాయి. ఒకటి తెరిస్తే, కింద అలాంటివే మరికొన్ని కనిపించాలి. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి మోర్ లైక్ దిస్ అనే క్వెరీ ఉంది. రన్ చేస్తున్నా, చూడండి. సున్నా. ఒక్కటీ రాలేదు.

మొదటిసారి ఇలా వచ్చినప్పుడు నేను సాయంత్రమంతా డేటాను తవ్వుతూ కూర్చున్నా. తప్పు అక్కడ లేదు. మనం ఏమీ మార్చకపోతే, ఒక పదం ఆ డాక్యుమెంట్‌లో, అంటే మనం తెరిచిన ప్రకటనలో, కనీసం 2 సార్లు ఉండాలి, కనీసం 5 డాక్యుమెంట్లలో ఉండాలి. అప్పుడే ఈ క్వెరీ దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. మూడు లైన్ల ప్రకటనలో ఏ మాటైనా రెండుసార్లు ఎవరు రాస్తారండీ? మొదటిదాన్ని 1 చేయండి, రెండోదాన్ని 2 చేయండి. మళ్లీ రన్. ఆ, వచ్చాయి.

వచ్చాయి గానీ, మారతహళ్లి ఇంటికి జతగా ఎలక్ట్రానిక్ సిటీ ఇల్లు చూపిస్తోంది. ఎందుకంటే ఒకరు ‘మారతహళ్లి’ అని రాశారు, ఇంకొకరు ‘మారతహళ్ళి’, మరొకరు ‘మారతహళ్లిలో’. మనకు ఒకటే, దానికి మూడు వేర్వేరు మాటలు. అరుదైన మాటకే ఎక్కువ బరువు ఇవ్వాలని 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త కారెన్ స్పార్క్ జోన్స్ చెప్పిన సూత్రం మీదే ఈ లెక్కంతా నడుస్తుంది. మామూలుగా మంచి సూత్రమే. కానీ ఇక్కడ ఎవరూ పెద్దగా రాయని స్పెల్లింగ్‌కే అందరికన్నా పెద్దపీట!

చాలామంది ఇక్కడే నేరుగా ఎంబెడింగ్స్‌కు, అంటే వాక్యం అర్థాన్ని అంకెల వరుసగా (వెక్టర్‌గా) మార్చే పద్ధతికి, వెళ్లిపోతారు. ఆగండి. ముందు మాటను, ఒక్కో గుర్తు జరుపుతూ, మూడేసి యూనికోడ్ గుర్తుల ముక్కలుగా కోద్దాం. ‘మా’ అంటే రెండు గుర్తులు: మ, దాని దీర్ఘం. ‘మారతహళ్లి’లో 7 ముక్కలొస్తాయి, ‘మారతహళ్ళి’లోనూ 7. వాటిలో 5 కలుస్తాయి. ‘లో’ తగిలించినా మొదటి 7 ముక్కలూ చెక్కుచెదరవు. ఈ ముక్కల్నే ఎన్‌గ్రామ్‌లు అంటారు, పాఠాన్ని కోసే భాగాన్ని టోకెనైజర్ అంటారు. ఒక జాగ్రత్త: ఎన్‌గ్రామ్ టోకెనైజర్ పెట్టి, అందులో లెటర్ అన్న ఆప్షన్ ఎంచుకోకండి. మన గుణింతపు గుర్తులు దాని దృష్టిలో అక్షరాలు కావు, ‘మా’లో దీర్ఘాన్ని పారేసి మాటను అక్కడే విరిచేస్తుంది. మాటలుగా విడదీసే స్టాండర్డ్ టోకెనైజర్ ఉంచి, ఎన్‌గ్రామ్‌ను దాని తర్వాత ఫిల్టర్‌గా తగిలించండి. పాత ఫీల్డ్ అలాగే ఉండనివ్వండి, దీన్ని పక్కన ఇంకో ఫీల్డ్‌గా పెట్టండి.

ఇప్పుడు ఎంబెడింగ్స్. ‘పోర్షన్ ఖాళీగా ఉంది’, ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’ రెండూ ఒకటేనని ముక్కలు చెప్పలేవు, ఇవి చెప్తాయి. ముక్కలిచ్చిన జాబితా, ఎంబెడింగ్స్ ఇచ్చిన జాబితా, రెండింటినీ కలపడానికి నేను వాడేది ఆర్‌ఆర్‌ఎఫ్ (రెసిప్రోకల్ ర్యాంక్ ఫ్యూజన్): ప్రతి ప్రకటనకూ ఒక్కో జాబితాలో దాని ర్యాంకుకు 60 కలిపి, 1ని దానితో భాగించి, వచ్చినవి కూడడమే.

అయినా ఇదిగో చూడండి, ‘బ్యాచిలర్లకు ఇస్తాం’ పక్కనే ‘బ్యాచిలర్లకు ఇవ్వం’ వచ్చి కూర్చుంది. ముక్కలూ దగ్గరే, అర్థం కొలిచే వెక్టర్లూ దగ్గరే. నేనైతే దీనికి స్కోర్లతో కుస్తీ పట్టను. అవును, కాదు అని విడిగా ఒక ఫీల్డ్ పెట్టి ఫిల్టర్ చేసేస్తా. ఆ ఫీల్డ్ నింపే కోడ్ ఇదిగో, స్క్రీన్ మీద ఉంది.