ఫైలు ఉంది, పర్మిషన్ ఇచ్చాను, అయినా రన్ కావట్లేదు

యాంకర్: నంద్యాల నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. ప్రాజెక్ట్ ఫైళ్లు బ్యాకప్ తీయడానికి కాలేజీ ల్యాబ్‌లో షెల్ స్క్రిప్ట్, అంటే కమాండ్లు వరసగా ఉండే ఫైలు, రాసుకున్నాను. ఇంటికొచ్చి ఉబుంటు లైనక్స్‌లో రన్ చేస్తే ‘పర్మిషన్ డినైడ్’ అంటోంది. రన్ చేసే పర్మిషన్ కోసం సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్ కమాండ్ ఇచ్చాను. ఎర్రరేమీ రాలేదు, కానీ మళ్లీ అదే మాట. అడ్మిన్ అధికారంతో నడిపే సుడో పెడితే ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అట. ఫైలు కళ్లెదుటే ఉంది సార్! రేపే సబ్మిషన్, ఒకటే టెన్షన్.

నిపుణుడు: కంగారు పడకండమ్మా, ఇప్పుడే చూద్దాం. ఫైళ్ల వివరాలు చూపే ఎల్ఎస్ హైఫన్ ఎల్ కొట్టి, ఆ ఫైలు వరసలో మొదటి పది గుర్తులు చదవండి.

కాలర్: హైఫన్, ఆర్, డబ్ల్యూ, హైఫన్, ఆర్, రెండు హైఫన్లు, ఆర్, రెండు హైఫన్లు.

నిపుణుడు: చూశారా, అందులో ఎక్స్, అంటే రన్ చేసే పర్మిషన్, లేనే లేదు. మీరిచ్చిన మార్పు అసలు పడలేదు. ఫైలు పెన్‌డ్రైవ్‌లోనే ఉందా?

కాలర్: అవును సార్, అక్కడి నుంచే రన్ చేస్తున్నాను.

నిపుణుడు: సమస్య అక్కడే ఉంది. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 ఫార్మాట్‌లోనో ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లోనో ఉంటాయి. లైనక్స్ పర్మిషన్లు రాసిపెట్టుకునే చోటే వాటిలో ఉండదు. డ్రైవ్ మౌంట్ అయినప్పుడు, అంటే సిస్టమ్‌కి జతైనప్పుడు, ఏ పర్మిషన్లు చూపించాలని నిర్ణయమైతే అవే కనిపిస్తాయి. మీరు సీహెచ్‌మాడ్ కొడితే, కాదని కూడా చెప్పకుండా ఊరుకుంటుంది. ఎంతోమంది ఇక్కడే గంటలకు గంటలు పోగొట్టుకుంటారు. ఎక్స్ లేని ఫైలును సుడో కూడా కమాండ్‌గా లెక్కచెయ్యదు, అందుకే దొరకలేదంటుంది. ఫైలును హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసి, అక్కడ సీహెచ్‌మాడ్ యూ ప్లస్ ఎక్స్ ఇచ్చి రన్ చేయండి.

కాలర్: చేశాను సార్... ఇప్పుడు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అంటోంది. బ్యాష్ పక్కన టోపీ గుర్తు, ఎమ్ ఉన్నాయి.

నిపుణుడు: మంచిదే, పర్మిషన్ గొడవ తీరిపోయింది. ల్యాబ్‌లో విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాశారు కదా?

కాలర్: అవును సార్!

నిపుణుడు: విండోస్ ప్రతి లైను చివర కంటికి కనిపించని ఒక అక్షరం అదనంగా పెడుతుంది. మొదటి లైను చివర అది అంటుకోవడంతో లైనక్స్, స్క్రిప్ట్‌ని నడిపే ‘బ్యాష్’ ప్రోగ్రామ్‌ని కాకుండా ఆ తోకతో కలిపి వేరే పేరును వెతుకుతోంది. ఆ అక్షరాల్ని తీసేసే డాస్2యూనిక్స్ ఇన్‌స్టాల్ చేసుకుని, ఫైలు పేరు ఇచ్చి ఒక్కసారి కొట్టండి.

కాలర్: ...రన్ అయింది సార్! అన్ని ఫైళ్లూ కాపీ అవుతున్నాయి. ఇంకొక్క మాట. మా సీనియర్ చెబితే నిన్న హోమ్ ఫోల్డర్ మొత్తానికి 777 పెట్టేశాను.

నిపుణుడు: అయ్యో, అది వెంటనే సరిచేసుకోవాలమ్మా. 777 అంటే అందరికీ అన్ని పర్మిషన్లూ ఇచ్చినట్టే, ఆ సిస్టమ్‌లో ఖాతా ఉన్న ఎవరైనా మీ ఫైళ్లు మార్చేయొచ్చు. వేరే కంప్యూటర్‌లోకి లాగిన్ అవ్వడానికి ఎస్ఎస్‌హెచ్ వాడతారా?

కాలర్: కాలేజీ సర్వర్‌కి వాడతాను.

నిపుణుడు: లాగిన్‌కి వాడే రహస్య ఫైలు, అంటే ప్రైవేట్ కీ, అందరికీ తెరిచి ఉంటే ఎస్ఎస్‌హెచ్ దాన్ని వాడనే వాడదు, రేపు లాగిన్ దగ్గర ఆగిపోతారు. ముందు హోమ్ ఫోల్డర్‌కి 750, డాట్ ఎస్ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, కీకి 600 పెట్టండి. మిగతావి సబ్మిషన్ అయ్యాక తీరిగ్గా సర్దుకోవచ్చు.

కాలర్: ఇప్పుడే పెడతాను సార్. ఏడు సున్నా సున్నా, ఆరు సున్నా సున్నా... రాసుకున్నాను.